ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ పనితీరు: కొలత దగ్గర్నుంచి నమ్మదగిన అంకె దాకా

డివైస్ చేశారు, ప్రోబ్ స్టేషన్ మీద పెట్టారు, గేట్‌కి −50 వోల్టులు ఇచ్చేసరికి కరెంటు పారింది. గ్రాఫ్‌లో నిటారుగా కనిపించిన చోట ఒక గీత గీసి, దాని వాలు తీసి సూత్రంలో వేస్తే మొబిలిటీ (చార్జ్ ఎంత చురుగ్గా కదులుతుందో చెప్పే అంకె) 8 వచ్చింది. ఇక పండగే అనిపిస్తుంది. ఆ గీత ఎక్కడ గీశారో, ఎందుకు అక్కడే గీశారో ఎవరైనా అడిగితే ఏం చెబుతారన్నది అసలు ప్రశ్న. ఈ మార్గదర్శి అంతా దాని గురించే. ఆర్గానిక్ సెమీకండక్టర్‌తో చేసిన ట్రాన్సిస్టర్ ఎంత బాగా పనిచేస్తోందో ఎలా కొలవాలి, కొలిచింది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి, తక్కువ వస్తే ఎక్కడ వెతకాలి అన్నవి వరసగా చూద్దాం. ట్రాన్సిస్టర్‌లో గేట్, సోర్స్, డ్రెయిన్ అంటే ఏంటో తెలుసనే అనుకుంటున్నాను. మొబిలిటీ అంకె ఎక్కడ వచ్చినా యూనిట్ సెం.మీ.²/వోల్ట్·సెకండ్, ప్రతిసారీ రాయను.

ముందు ఈ అంకెలకి ఒక అందాజా ఉండాలి. 1986లో సుమురా, కోయెజుకా, ఆండో పాలీథయోఫీన్‌తో చేసిన ట్రాన్సిస్టర్‌లో మొబిలిటీ 10⁻⁵ స్థాయిలో ఉండేది. తర్వాత పెంటసీన్ పలుచటి పొరలతో 1 దాటారు, అంటే డిస్‌ప్లేల్లో వాడే అమార్ఫస్ సిలికాన్ స్థాయికి (అది 0.5 నుంచి 1) వచ్చేశారు. రుబ్రీన్ స్ఫటికాల్లో 10 దాటి 20 దాకా వెళ్ళింది. 2011లో సి8-బిటిబిటి అనే ఆర్గానిక్ సెమీకండక్టర్‌ని ఇంక్‌జెట్‌తో స్ఫటికంగా ముద్రించి సగటున 16.4 చూపించారు. ఇరవై అయిదేళ్ళలో లక్ష రెట్లకు పైగా పెరిగిందన్నమాట. ఇంత వేగంగా పరుగు సాగే చోట అంకె మీద మోజు కూడా అంతే ఉంటుంది, ఆ మోజులో కొన్ని అంకెలు ఉబ్బిపోయాయి కూడా. దాని సంగతి 7వ మెట్టులో.

1వ మెట్టు: కొలతలు మైక్రోస్కోప్ కింద తీసుకోండి

చానెల్ (సోర్స్‌కీ డ్రెయిన్‌కీ మధ్య కరెంటు పారే దారి) పొడవు, వెడల్పు మాస్క్ మీద రాసి ఉన్నవే వాడేస్తారు చాలామంది. షాడో మాస్క్ (బంగారం ఎక్కడ పడాలో అక్కడ మాత్రమే కంతలున్న రేకు) కాస్త పైకి లేచి ఉంటే బంగారం దాని కిందికి పాకుతుంది, 50 మైక్రాన్లు అనుకున్న చానెల్ 42 అవుతుంది. మొబిలిటీ సూత్రంలో (7వ మెట్టులో ఉంది) పొడవు నేరుగా గుణకారంలో ఉంటుంది కాబట్టి ఆ ఎనిమిది మైక్రాన్లని వదిలేస్తే మొబిలిటీ సుమారు 19 శాతం ఎక్కువ చూపిస్తుంది.

దీనికంటే పెద్ద మోసం ఇంకోటుంది. సెమీకండక్టర్‌ని ముక్కలుగా వేరుచేయకుండా సబ్‌స్ట్రేట్ అంతా పరిచేస్తే, కరెంటు ఎలక్ట్రోడ్ల మధ్య తిన్నగా మాత్రమే పారదు, రెండు పక్కల నుంచీ వంపు తిరిగి కూడా పారుతుంది. మనం లెక్కలో పెట్టిన వెడల్పు కంటే అసలు వెడల్పు ఎక్కువన్నమాట. వెడల్పు పొడవుకి పదింతలైనా లేకపోతే ఈ తేడా లెక్కలోకి తీసుకోవాల్సిందే. సులువైన పని ఏంటంటే, డివైస్ చుట్టూ సెమీకండక్టర్‌ని సూదితో గీకేయడం. మొరటుగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది. గీకాక గేట్ లీకేజీ కూడా చాలా తగ్గిపోతుంది, ఒకే సూదితో రెండు లాభాలు.

2వ మెట్టు: కెపాసిటెన్స్‌ని నమ్మకండి, కొలవండి

గేట్ ఇన్సులేటర్ 300 నానోమీటర్ల సిలికాన్ డయాక్సైడ్ అయితే లెక్క తేలిక. డైఎలక్ట్రిక్ స్థిరాంకం 3.9, కాబట్టి చదరపు సెంటీమీటర్‌కి 11.5 నానోఫారడ్లు. ఇక్కడ పెద్దగా తప్పు జరగదు.

పాలిమర్ ఇన్సులేటర్ వాడితే కథ మారుతుంది, అయాన్ జెల్ వాడితే ఇంకా మారుతుంది. వీటిలో కెపాసిటెన్స్ ఫ్రీక్వెన్సీని బట్టి మారిపోతుంది. కెపాసిటెన్స్‌ని 100 కిలోహెర్ట్జ్ దగ్గర కొలిచి, ట్రాన్సిస్టర్‌ని మాత్రం సెకనుకి ఒక వోల్టు చొప్పున నెమ్మదిగా నడిపితే, ట్రాన్సిస్టర్ చూస్తున్న కెపాసిటెన్స్ వేరు, మనం సూత్రంలో వేసేది వేరు. అయాన్లకి నెమ్మదిగా కదిలే తీరిక దొరికితే అసలు కెపాసిటెన్స్ చాలా పెద్దది. మనం చిన్నదాన్ని హారంలో పెడతాం, మొబిలిటీ ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. కాబట్టి నియమం ఒక్కటే: ట్రాన్సిస్టర్ నడిపే వేగానికి దగ్గరగా ఉండే తక్కువ ఫ్రీక్వెన్సీలో కెపాసిటెన్స్ కొలవండి, అదీ అదే సబ్‌స్ట్రేట్ మీద, అదే రోజు చేసిన కెపాసిటర్ మీద.

3వ మెట్టు: కరెంటు పారేది ఎక్కడో గుర్తుంచుకుని ఉపరితలం తయారుచేయండి

సెమీకండక్టర్ పొర 50 నానోమీటర్లు ఉండొచ్చు, కానీ గేట్ లాగిన చార్జ్ దాదాపు అంతా ఇన్సులేటర్‌ని ఆనుకుని ఉన్న మొదటి ఒకటి రెండు అణువుల పొరల్లోనే ఉంటుంది. పైన ఎంత అందమైన స్ఫటికాలు పెరిగినా లాభం లేదు, కింద ఆ రెండు పొరలు ఎలా ఉన్నాయన్నదే లెక్క. మైక్రోస్కోప్‌లో ముచ్చటగా కనిపించే ఫిల్మ్ పనితీరులో తుస్సుమనడానికి సాధారణంగా కారణం ఇదే.

సిలికాన్ డయాక్సైడ్ ఉపరితలం మీద హైడ్రాక్సిల్ గుంపులుంటాయి, వాటిని పట్టుకుని తేమ ఉంటుంది. రెండూ చార్జ్‌ని పట్టేసే ఉచ్చులే. 2005లో కేంబ్రిడ్జ్ బృందం ఒక మంచి సంగతి బయటపెట్టింది. అప్పటిదాకా చాలా పాలిమర్లు హోల్స్‌ని (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు, పాజిటివ్ చార్జ్‌లా నడుస్తాయి) మాత్రమే మోస్తాయని, ఎలక్ట్రాన్లని మోయలేవని అనుకునేవారు. హైడ్రాక్సిల్ గుంపులు లేని ఇన్సులేటర్ వాడేసరికి అవే పాలిమర్లలో ఎలక్ట్రాన్లు కూడా పారాయి. అంటే లోపం పదార్థంలో లేదు, దాని కింద పరిచినదానిలో ఉంది. మీ ఎన్-రకం (ఎలక్ట్రాన్లు మోసే) డివైస్ పనిచేయకపోతే పదార్థాన్ని తిట్టుకునే ముందు ఇన్సులేటర్ వైపు చూడండి.

చేయాల్సిన పని: సబ్‌స్ట్రేట్‌ని ఎసిటోన్, ఐసోప్రొపనాల్‌లో అల్ట్రాసానిక్ బాత్‌లో కడిగి, ఆక్సిజన్ ప్లాస్మా లేదా యూవీ ఓజోన్‌తో శుభ్రం చేసి, వెంటనే హెచ్ఎండిఎస్ లేదా ఓటీఎస్ లాంటి సైలేన్ పొర వేయాలి. హెచ్ఎండిఎస్ చేతగానివాళ్ళకి కూడా కుదురుతుంది. ఓటీఎస్ ఫలితం ఎక్కువ, చిరాకు కూడా ఎక్కువ. గాలిలో తేమ ఎక్కువుంటే ఆ అణువులు ఉపరితలాన్ని వదిలేసి తమలో తామే అతుక్కుని చిన్న చిన్న ముద్దలైపోతాయి, ఆ ముద్దల మీద పెంటసీన్ పెరిగితే మామూలు ఆక్సైడ్ మీదకంటే అధ్వాన్నంగా ఉంటుంది. నాకు ఒక నెలంతా అలాగే పోయింది. పొర కుదిరిందో లేదో తెలియడానికి ఒక నీటి చుక్క వేసి కోణం చూడండి. ఓటీఎస్ బాగా కుదిరితే 100 డిగ్రీలు దాటుతుంది, చుక్క ముత్యంలా నిలబడుతుంది. అలా కనిపించకపోతే ఆ బ్యాచ్ పక్కన పడేయండి, దాని మీద సెమీకండక్టర్ వృథా చేయొద్దు.

ఫిల్మ్ వేయడం గురించి ఇక్కడ రెండు మాటలే చెబుతాను, ఎందుకంటే అది పదార్థానికో తీరుగా ఉంటుంది. వ్యాక్యూమ్‌లో ఆవిరి చేసి వేస్తే సబ్‌స్ట్రేట్ వేడి, పొర పెరిగే వేగం ముఖ్యం. వేగం తగ్గిస్తే మామూలుగా గింజలు పెద్దవవుతాయి, గింజకీ గింజకీ మధ్య సరిహద్దులు తగ్గుతాయి. ద్రావణం నుంచి వేస్తే ద్రావకం ఎంత నిదానంగా ఆరితే అణువులకి సర్దుకునే టైమ్ అంత దొరుకుతుంది. టిప్స్-పెంటసీన్ లాంటివాటిలో స్ఫటికాలు ఒక దిక్కుగా పెరుగుతాయి కాబట్టి చానెల్ ఆ దిక్కున ఉందా, అడ్డంగా ఉందా అన్నది కూడా రాసిపెట్టుకోండి. ఒకే ఫిల్మ్ మీద రెండు దిక్కుల్లో రెండు అంకెలు వస్తాయి, పెద్దదాన్ని మాత్రమే చెప్పడం న్యాయం కాదు.

4వ మెట్టు: కాంటాక్ట్‌లు

సోర్స్, డ్రెయిన్ ఎలక్ట్రోడ్లు సెమీకండక్టర్‌ని తాకే చోటే కాంటాక్ట్. హోల్స్ కోసం బంగారం వాడటం అలవాటు. పుస్తకాల్లో బంగారం వర్క్ ఫంక్షన్ (లోహంలోంచి ఎలక్ట్రాన్‌ని బయటికి లాగడానికి కావాల్సిన శక్తి) 5.1 ఎలక్ట్రాన్ వోల్టులు అని ఉంటుంది, గాలి తగిలి మురికి పట్టిన బంగారానికి అది 4.7 చుట్టుపక్కలకి పడిపోతుంది. ఆ తేడా అంతా హోల్ ఎక్కాల్సిన గట్టుగా మారుతుంది. అందుకే కింది నుంచి కాంటాక్ట్ ఇచ్చే డివైసుల్లో బంగారాన్ని పెంటాఫ్లోరోబెంజీన్ థయాల్‌లో కాసేపు ముంచి తీస్తారు. అది అతుక్కుని వర్క్ ఫంక్షన్‌ని పెంచుతుంది, పైగా దాని మీద సెమీకండక్టర్ కూడా శ్రద్ధగా పెరుగుతుంది.

ఇక కాంటాక్ట్ పైన పెట్టాలా కింద పెట్టాలా అన్నది. గేట్ కింద, కాంటాక్ట్‌లు పైన ఉంటే చార్జ్ ఎక్కడానికి ఎలక్ట్రోడ్ అడుగుభాగం చాలా మేర ఉపయోగపడుతుంది, అందుకే పాలిక్రిస్టలైన్ ఫిల్మ్‌లతో మామూలుగా ఇదే మెరుగు. కాకపోతే చార్జ్ పొరని నిలువుగా దాటి రావాలి, పొర మందమైతే అదే అడ్డు. కాంటాక్ట్‌లు కింద ఉంటే ఫోటోలిథోగ్రఫీతో చిన్న చానెల్ చేయొచ్చు, కానీ ఎలక్ట్రోడ్ అంచు దగ్గర ఫిల్మ్ చెదిరిపోతుంది. మొదటిసారి చేస్తున్నవాళ్ళు పైన కాంటాక్ట్‌తో మొదలుపెట్టడమే మేలని నా అభిప్రాయం.

5వ మెట్టు: కొలిచే ముందు సర్దుబాట్లు

చీకట్లో కొలవండి. ఆర్గానిక్ సెమీకండక్టర్లు వెలుతురు పడితే చార్జ్ పుట్టిస్తాయి, మైక్రోస్కోప్ లైటు ఆపడం మర్చిపోతే ఆఫ్ కరెంటు పెరిగి త్రెషోల్డ్ (డివైస్ ఆన్ అవ్వడం మొదలయ్యే గేట్ వోల్టేజి) జరిగిపోతుంది. వీలైతే నైట్రోజన్‌లోగాని వ్యాక్యూమ్‌లోగాని, లేకపోతే కనీసం గాలిలో కొలిచామని, తేమ ఎంతుందో రాసి. గేట్ కరెంటుని ప్రతి కొలతలోనూ రికార్డు చేయండి, ఒక్కసారి కూడా మానొద్దు. స్వీప్ (వోల్టేజిని ఒక చివర నుంచి ఇంకో చివరదాకా మారుస్తూ పోవడం) ముందుకీ వెనక్కీ రెండు వైపులా నడపాలి.

6వ మెట్టు: అవుట్‌పుట్ గ్రాఫ్‌తో మొదలెట్టండి

అందరూ ట్రాన్స్‌ఫర్ గ్రాఫ్ (డ్రెయిన్‌ని నిలిపి గేట్ వోల్టేజిని మార్చేది) మీదికి దూకుతారు, మొబిలిటీ అక్కడుంటుంది కాబట్టి. నేనైతే అవుట్‌పుట్ ముందు తీయమంటాను. అంటే గేట్ వోల్టేజి ఒకచోట ఉంచి డ్రెయిన్ వోల్టేజి పెంచుతూ పోవడం. ఇక్కడ లెక్కలేమీ చేయకుండా కళ్ళతో చూస్తేనే జబ్బు తెలిసిపోతుంది.

మొదట సున్నా దగ్గర చూడండి. గీత సున్నా నుంచి తిన్నగా లేవాలి. అలా కాకుండా మొదట నేలకి పాకి తర్వాత వంపు తిరిగి లేస్తే, ఇంగ్లీషు ఎస్ అక్షరంలా కనిపిస్తే, కాంటాక్ట్ దగ్గర గట్టు ఉందన్నమాట. ఆ డివైస్‌లో తర్వాత ఏ మొబిలిటీ తీసినా అది చానెల్‌ది కాదు, కాంటాక్ట్‌ది కూడా కలిసిన కిచిడీ. రెండోది, డ్రెయిన్ సున్నా ఉన్నప్పుడు కరెంటు కూడా సున్నా ఉండాలి. గీతలన్నీ సున్నా దగ్గర కలవకుండా విసనకర్రలా విడిపోతే గేట్ లీకవుతోంది. మూడోది, డ్రెయిన్ వోల్టేజి పెద్దదయ్యాక కరెంటు నిలకడ పడాలి. ఆగకుండా పెరుగుతూనే ఉంటే చానెల్ మరీ చిన్నదైనా అయ్యుండాలి, లేదా ఫిల్మ్ పైభాగంలో గేట్ అదుపులో లేని కరెంటు పారుతున్నా అయ్యుండాలి. నాలుగోది, గీతల మధ్య దూరాలు చూడండి. సాచురేషన్‌లో, అంటే కరెంటు అలా నిలకడపడిన చోట, గేట్ వోల్టేజిని సమానంగా పెంచుతుంటే గీతల మధ్య ఎడం పెరుగుతూ పోవాలి, ఎందుకంటే కరెంటు వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. ఎడం సమానంగా ఉండిపోయినా, తగ్గుతూ వచ్చినా, ఏదో అడ్డుపడుతోంది.

ఈ నాలుగూ సరిగ్గా ఉంటేనే తర్వాతి మెట్టు. లేకపోతే 3వ మెట్టుకో 4వ మెట్టుకో వెనక్కి.

7వ మెట్టు: ట్రాన్స్‌ఫర్ గ్రాఫ్, మొబిలిటీ, అందులో మోసం

ఇప్పుడు డ్రెయిన్ వోల్టేజిని నిలిపి గేట్‌ని స్వీప్ చేయండి. రెండుసార్లు చేయాలి: ఒకసారి డ్రెయిన్ చిన్న వోల్టేజితో, అది లీనియర్, ఇంకోసారి గేట్ గరిష్ఠానికి సమానంగానో ఎక్కువగానో పెట్టి, అది సాచురేషన్.

మొదట లాగరిథమిక్ స్కేల్‌లో గీయండి. ఆన్-ఆఫ్ నిష్పత్తి ఇక్కడ కనిపిస్తుంది. మంచి డివైసుల్లో 10⁶ ఆ పైన వస్తుంది, కానీ ఆఫ్ కరెంటు అంటే నిజంగా చానెల్ కరెంటా, గేట్ లీకేజీయా, లేక మీ మీటర్ కనిష్ఠమా అన్నది చూసుకోండి. సబ్‌థ్రెషోల్డ్ స్వింగ్ కూడా ఇక్కడే. కరెంటు పదింతలవ్వడానికి గేట్ ఎన్ని వోల్టులు అడుగుతోందన్నదే స్వింగ్. గది ఉష్ణోగ్రతలో సిద్ధాంతం ఒప్పుకునే కనిష్ఠం 60 మిల్లీవోల్టులు. మీకు 300 నానోమీటర్ల ఆక్సైడ్ మీద 1.2 వోల్టులు వచ్చిందనుకోండి, అంటే కనిష్ఠానికి 20 రెట్లు. అందులోంచి 1 తీసేసి, మిగిలిన 19ని కెపాసిటెన్స్ 11.5 నానోఫారడ్లతో గుణించి, ఎలక్ట్రాన్ చార్జ్‌తో భాగిస్తే ఉచ్చుల సాంద్రత వస్తుంది, చదరపు సెంటీమీటర్‌కి ఒక్కో ఎలక్ట్రాన్ వోల్టుకి సుమారు 1.4×10¹². ఇది మొబిలిటీ కంటే నిజాయితీ ఉన్న అంకె అని నాకనిపిస్తుంది, ఎందుకంటే దీన్ని ఉబ్బించడం కష్టం. ఒక జాగ్రత్త: కెపాసిటెన్స్ వేరైన రెండు డివైసుల స్వింగ్‌లని నేరుగా పోల్చకండి. పలుచటి అల్యూమినియం ఆక్సైడ్ మీద ఒకే అణువు మందమున్న పొర వేసి చేసే ఇన్సులేటర్‌కి కెపాసిటెన్స్ 0.7 మైక్రోఫారడ్ చుట్టూ ఉంటుంది, అదే ఉచ్చులతో అక్కడ స్వింగ్ చాలా చిన్నగా కనిపిస్తుంది. ఆ ఇన్సులేటర్ల గొప్పతనమే అది, మూడు వోల్టులకే డివైస్ పనిచేస్తుంది. కానీ సెమీకండక్టర్ మెరుగైందని దానర్థం కాదు.

ఇప్పుడు మొబిలిటీ. సాచురేషన్‌లో కరెంటు వర్గమూలాన్ని గేట్ వోల్టేజికి ఎదురుగా గీస్తే తిన్నటి గీత రావాలి. ఆ వాలుని వర్గం చేసి, రెండింతల చానెల్ పొడవుతో గుణించి, వెడల్పు × కెపాసిటెన్స్‌తో భాగిస్తే మొబిలిటీ. గీతని పొడిగిస్తే వోల్టేజి అక్షాన్ని తాకే చోటు త్రెషోల్డ్.

ఒక లెక్క చేద్దాం. పొడవు 100 మైక్రాన్లు, వెడల్పు 1000 మైక్రాన్లు, కెపాసిటెన్స్ 11.5 నానోఫారడ్లు, త్రెషోల్డ్ −10 వోల్టులు, గేట్ −50 దగ్గర కరెంటు 46 మైక్రోఆంపియర్లు, వర్గమూలం గీత మొదటి నుంచి చివరిదాకా తిన్నగా ఉంది. వాలు 1.7×10⁻⁴ వస్తుంది, మొబిలిటీ 0.5. గీత తిన్నగా ఉంది కాబట్టి ఈ 0.5ని నమ్మొచ్చు.

ఇప్పుడు మోసం ఎక్కడుందో చూడండి. వాలుని వర్గం చేస్తున్నాం. వాలు రెట్టింపైతే మొబిలిటీ నాలుగింతలవుతుంది. చాలా డివైసుల్లో గీత ఒకే వాలుతో ఉండదు. మొదట్లో, త్రెషోల్డ్ దాటగానే, నిట్టనిలువుగా లేచి తర్వాత వంగి వాలిపోతుంది. ఆ నిలువు భాగంలో గీత గీస్తే మొబిలిటీ ఆకాశంలో ఉంటుంది, వాలిపోయిన భాగంలో గీస్తే నేలమీద ఉంటుంది. మరి ఏది నిజం?

2016లో అమెరికాలో రుబ్రీన్ స్ఫటికాల మీద దీన్ని తేల్చారు. కావాలనే ఇలా నిలువుగా లేచే డివైసులు చేసి, ఇంపీడెన్స్ కొలతలతో చానెల్‌ని, కాంటాక్ట్‌ని వేరుచేసి చూస్తే, ఆ నిలువు వాలు చానెల్‌ది కానేకాదు, గేట్ వోల్టేజి పెరిగేకొద్దీ కాంటాక్ట్ నిరోధం కుప్పకూలడం వల్ల వచ్చింది. అంటే మూసుకుపోయిన తలుపు ఒక్కసారిగా తెరుచుకుంటే జనం తోసుకొచ్చినట్టు. తలుపు తెరుచుకున్న వేగాన్ని చూసి జనం నడిచే వేగం అనుకున్నాం. మామూలు సూత్రంతో తీసిన మొబిలిటీ పదింతలు, ఇంకా ఎక్కువ కూడా ఉబ్బిందని తేలింది. విడ్డూరం ఏంటంటే, చెడ్డ కాంటాక్ట్ మొబిలిటీని తగ్గించి చూపిస్తుందని అందరం అనుకుంటాం. అది నిజమే. కానీ గేట్‌తో మారే చెడ్డ కాంటాక్ట్ పెంచి కూడా చూపించగలదు.

2018లో దీనికి ఒక వాడదగ్గ మందు వచ్చింది, విశ్వసనీయతా గుణకం అని. మీ డివైస్ గరిష్ఠ గేట్ వోల్టేజి దగ్గర నిజంగా ఇచ్చిన కరెంటుని, త్రెషోల్డ్ సున్నాగా ఉన్న ఆదర్శ ట్రాన్సిస్టర్ మీరు చెప్పే మొబిలిటీతో ఇవ్వాల్సిన కరెంటుతో పోల్చడమే అది. లెక్క తేలిక: గరిష్ఠ వోల్టేజి దగ్గర కరెంటు వర్గమూలంలోంచి సున్నా వోల్టేజి దగ్గరిది తీసేసి, గరిష్ఠ వోల్టేజితో భాగిస్తే సగటు వాలు. దాన్ని మీరు గీసిన గీత వాలుతో భాగించి వర్గం చేయండి. పైన మన లెక్కలో సగటు వాలు 1.36×10⁻⁴, గీత వాలు 1.7×10⁻⁴, గుణకం 0.64. 0.5ని 0.64తో గుణిస్తే 0.32, అదే ఆ డివైస్ వాడకంలో ఇచ్చే ప్రభావక మొబిలిటీ. నిట్టనిలువు భాగంలో గీత గీసి 8 తెచ్చినవాళ్ళకి ఈ గుణకం 0.1 కూడా రాకపోవచ్చు. అప్పుడు అసలు డివైస్ 0.8 కంటే తక్కువదే అన్నమాట.

ఇంకో పరీక్ష కూడా చేయండి, డబ్బు ఖర్చు లేనిది. మొబిలిటీని ఒక్క అంకెగా కాకుండా గేట్ వోల్టేజికి ఎదురుగా గ్రాఫ్‌గా గీయండి, లీనియర్‌దీ సాచురేషన్‌దీ రెండూ. మంచి డివైస్‌లో మొదట పెరిగి తర్వాత నిలకడపడుతుంది, రెండు గీతలూ దగ్గర దగ్గరగా ఉంటాయి. మధ్యలో శిఖరంలా లేచి పడిపోతే ఆ శిఖరం ఎత్తుని మొబిలిటీ అనకండి.

8వ మెట్టు: కాంటాక్ట్ నిరోధాన్ని విడదీయడం

ఒకే సబ్‌స్ట్రేట్ మీద వేర్వేరు పొడవుల చానెళ్ళు చేయండి, ఉదాహరణకి 20, 50, 100, 200 మైక్రాన్లు, వెడల్పు మాత్రం ఒకటే. లీనియర్‌లో, త్రెషోల్డ్‌కి పైన ఒకే వోల్టేజి దగ్గర మొత్తం నిరోధాలు తీసి పొడవుకి ఎదురుగా గీయండి. తిన్నటి గీత వస్తే, దాన్ని సున్నా పొడవు దాకా పొడిగించినప్పుడు మిగిలేది కాంటాక్ట్ నిరోధం. వాలు చానెల్‌ది. త్రెషోల్డ్ ఒక్కో డివైస్‌కి ఒక్కోలా ఉంటుంది కాబట్టి నేరుగా గేట్ వోల్టేజి కాకుండా త్రెషోల్డ్‌ని తీసేసిన వోల్టేజి వాడాలి, ఇక్కడే చాలామంది పొరపడతారు.

ఇది ఎంత తేడా తెస్తుందో మన డివైస్‌తోనే చూద్దాం. త్రెషోల్డ్ తీసేశాక 40 వోల్టుల దగ్గర, 100 మైక్రాన్ల చానెల్ నిరోధం సుమారు 435 కిలోఓమ్‌లు. కాంటాక్ట్ నిరోధం వెడల్పుతో గుణిస్తే 10 కిలోఓమ్·సెం.మీ. అనుకుందాం, ఈ రంగంలో అది అరుదైన అంకేమీ కాదు. 1 మిల్లీమీటర్ వెడల్పుకి అది 100 కిలోఓమ్‌లు. మొత్తంలో ఐదో వంతుకి కాస్త తక్కువ, సర్దుకుపోవచ్చు. ఇప్పుడు అదే పదార్థంతో 10 మైక్రాన్ల చానెల్ చేశారు. చానెల్ నిరోధం 43.5కి తగ్గింది, కాంటాక్ట్ 100 దగ్గరే ఉంది. మొత్తంలో 70 శాతం కాంటాక్టే! కాంటాక్ట్ నిరోధం గేట్‌తో మారదనుకుంటే, లీనియర్ సూత్రం 0.5కి బదులు 0.05 కూడా చూపించదు. పదార్థం అదే, పనితీరు పదో వంతు. చిన్న చానెల్ చేస్తే వేగం పెరుగుతుందని ఆశపడి ఫలితం చూసి తలపట్టుకునేది ఇందుకే. వేగం కావాలంటే చానెల్ తగ్గించే ముందు కాంటాక్ట్‌ని, దాంతోపాటు గేట్‌కీ ఎలక్ట్రోడ్లకీ మధ్య ఒకదానిమీద ఒకటి ఎక్కిన భాగాన్ని తగ్గించాలి.

పొడవుల డివైసులు కుదరకపోతే చానెల్ మధ్యలో రెండు సన్నని ప్రోబ్‌లు పెట్టి నాలుగు కాంటాక్ట్‌ల కొలత చేయొచ్చు. ఒక్క స్ఫటికం మీద డివైస్ అయితే ఇదే దారి.

9వ మెట్టు: స్థిరత్వం

ముందుకీ వెనక్కీ స్వీప్‌ల మధ్య ఎడం ఉంటే అది హిస్టరిసిస్. ఉచ్చులవల్ల అయితే వెనక్కి వచ్చేటప్పుడు కరెంటు తగ్గుతుంది. ఇన్సులేటర్‌లో కదిలే అయాన్లవల్ల అయితే తరచూ ఎదురు దిక్కున ఉంటుంది. స్వీప్ వేగం మార్చి చూస్తే ఇంకా తెలుస్తుంది.

తర్వాత బయాస్ స్ట్రెస్. గేట్‌కి −40 వోల్టులు ఇచ్చి గంటసేపు వదిలేసి, మధ్యమధ్యలో చకచకా ట్రాన్స్‌ఫర్ గ్రాఫ్ తీయండి. త్రెషోల్డ్ ఎంత జరిగిందో, మొబిలిటీ మారిందో లేదో చూడండి. మామూలుగా వాలు అలాగే ఉండి త్రెషోల్డ్ మాత్రమే జరుగుతుంది, మొదట వేగంగా, తర్వాత నెమ్మదిగా. దీనికి పెద్ద దోషి నీరు. సైటాప్ లాంటి నీటిని దరిచేరనివ్వని ఫ్లోరోపాలిమర్ ఇన్సులేటర్ మీద ఈ జరుగుడు బాగా తగ్గుతుంది. డిస్‌ప్లేలో పిక్సెల్ నడపాల్సిన ట్రాన్సిస్టర్ అయితే మొబిలిటీ 1 ఉందా 3 ఉందా అన్నదానికంటే ఈ పరీక్షే ముఖ్యం.

10వ మెట్టు: రాసేటప్పుడు

ఒక్క డివైస్ అంకె చెప్పకండి. కనీసం ఇరవై కొలిచి సగటు, తేడా, ఎన్ని డివైసులు పనిచేయలేదు అన్నవి రాయండి. పనిచేయనివాటి లెక్క రాయడానికి సిగ్గుపడాల్సిందేమీ లేదు. గరిష్ఠం చెప్పాలనుకుంటే చెప్పండి, దాని పక్కనే సగటు. మొబిలిటీ పక్కన గుణకం, గీత ఏ వోల్టేజి నుంచి ఏ వోల్టేజి దాకా గీశారో, స్వీప్ ఎటువైపుది, చానెల్ పొడవు వెడల్పులు, కెపాసిటెన్స్ ఏ ఫ్రీక్వెన్సీలో కొలిచారు, గాలిలోనా నైట్రోజన్‌లోనా అన్నవీ ఉండాలి. మరచిపోతామనుకుంటే ఐఈఈఈ 1620 అనే ప్రమాణం ఉంది, ఆర్గానిక్ ట్రాన్సిస్టర్ల కొలతల కోసమే పెట్టింది.

ముడి డేటా ఫైళ్ళు కూడా దాచండి, గ్రాఫ్ బొమ్మలు కాదు, అంకెలున్న ఫైళ్ళు. బెల్ ల్యాబ్స్‌లో హెండ్రిక్ షోన్ ఆర్గానిక్ స్ఫటికాల ట్రాన్సిస్టర్ల మీద రాసిన పేపర్ల సంగతి 2002లో బయటపడింది గుర్తుందా? వేర్వేరు పేపర్లలో, వేర్వేరు డివైసులవని చెప్పిన గ్రాఫుల్లో ఒకే నాయిస్ అచ్చంగా కనబడటంతో అనుమానం మొదలైంది. కమిటీ 24 ఆరోపణలు పరిశీలించి 16టిలో మోసం ఉందని తేల్చింది. ముడి డేటా చూపించమంటే ఆయన దగ్గర లేదు. మీ ఫైల్ పేరులో తేదీ, సబ్‌స్ట్రేట్ నంబరు, చానెల్ పొడవు, స్వీప్ దిక్కు ఉండేలా మొదటి రోజే ఒక పద్ధతి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత "ఫైనల్2_కొత్త" అన్న ఫైల్ తెరిస్తే అది ఏ డివైస్‌దో మీకే తెలియదు.